ఎకనామిక్స్ మాస్టారు గెలిచిన రాత్రి

వర్జీనియాలోని ఓ చిన్న కాలేజీ ప్రొఫెసర్ 2014లో అమెరికా ప్రతినిధుల సభ మెజారిటీ నాయకుణ్నే ఇంటికి పంపారు. ఆయన నమ్మిన సంప్రదాయవాదం ఏమిటి? ఆ గెలుపు మనవాళ్ల గ్రీన్‌కార్డు క్యూను ఎలా తాకింది?

2014 జూన్ 10, మంగళవారం. వర్జీనియా రాష్ట్రం ఏడో కాంగ్రెస్ నియోజకవర్గంలో రిపబ్లికన్ పార్టీ ప్రైమరీ. సాయంత్రం ఏడింటికి పోలింగ్ ముగిసింది. ఎనిమిది దాటేసరికి వాషింగ్టన్‌లో ఫోన్లు మోగడం మొదలైంది. ఎరిక్ క్యాంటర్ ఓడిపోయారు. ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడాయన. స్పీకర్ జాన్ బేనర్ తప్పుకుంటే ఆ కుర్చీ ఈయనదేనని రెండు పార్టీల వాళ్లూ అనుకుంటున్న రోజులవి. మెజారిటీ నాయకుడి పదవి 1899లో ఏర్పడింది. ఆ పదవిలో ఉంటూ సొంత పార్టీ ప్రైమరీలో ఓడినవాళ్లు అంతకుముందు ఒక్కరూ లేరు.

ఓడించిందెవరు? డేవ్ బ్రాట్. వయసు 49. ఆష్‌లాండ్ అనే చిన్న ఊళ్లో రాండాల్ఫ్-మేకన్ కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పే మనిషి. అంతవరకూ ఏ ఎన్నికా గెలవలేదు. ఆయనకు 55 శాతానికి పైగా ఓట్లొచ్చాయి, క్యాంటర్‌కు 45 శాతం కూడా రాలేదు. ఎన్నికకు కొద్ది రోజుల ముందు క్యాంటర్ సొంత సర్వే ఆయన 34 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారని చెప్పింది. దేశంలోని పెద్ద పత్రికలు, టీవీ చానళ్లు ఆ పోటీని పట్టించుకోనే లేదు.

టికెట్ ఇచ్చేది ఎవరు?

మన దగ్గర టికెట్ హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, ఢిల్లీలోనో ఖరారవుతుంది. బీఫారం చేతికందేదాకా అభ్యర్థికి కునుకు పట్టదు. నియోజకవర్గంలో ఎంత పేరున్నా, అధినేత తలూపకపోతే అంతే. అమెరికాలో బీఫారం ఇచ్చేది ఓటరు. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికే ముందు ఒక ఎన్నిక జరుగుతుంది. దాన్నే ప్రైమరీ అంటారు. వర్జీనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఫలానా పార్టీ మనిషినని రాసివ్వాల్సిన పని కూడా లేదు. ఎవరైనా వెళ్లి ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేయవచ్చు.

అయినా వెళ్లేవాళ్లు తక్కువ. 2010 జనగణన తర్వాత వర్జీనియాలో ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గానికి సుమారు 7 లక్షల 27 వేల జనాభా లెక్కన గీతలు గీశారు. ఆ ఏడో నియోజకవర్గంలో జూన్ 10న ఓటేసింది 65 వేల మంది. బ్రాట్‌కు వచ్చినవి 36,105 ఓట్లు, క్యాంటర్‌కు 28,912. మన అసెంబ్లీ నియోజకవర్గంలో ఒకటి రెండు మండలాల ఓట్లంత. ఆ కాసిని ఓట్లు ప్రపంచంలోనే అతి శక్తిమంతమైన చట్టసభలో వరస మార్చేశాయి. అమెరికా రాజకీయాలంటే మనకు నవంబరులో జరిగే అధ్యక్ష ఎన్నికే గుర్తొస్తుంది. అసలు తీర్పు చాలాచోట్ల జూన్‌లోనే, ఎవరూ చూడని రోజున పడిపోతుంది. బ్రాట్ కథ చెప్పుకోదగ్గదవడానికి నా దృష్టిలో మొదటి కారణం అదే.

వేదాంతం నుంచి అర్థశాస్త్రానికి

బ్రాట్ పుట్టింది డెట్రాయిట్‌లో, 1964లో. పెరిగింది మిషిగన్ రాష్ట్రంలోని అల్మా అనే చిన్న పట్టణంలో. హోప్ కాలేజీలో బిజినెస్ డిగ్రీ చేశారు. పేరున్న ఆడిటింగ్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్‌లో కొన్నాళ్లు పనిచేశారు. అక్కడినుంచి ఎంబీఏకు వెళ్లడం రివాజు. ఆయన ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీకి వెళ్లి 1990లో దైవశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ. ప్రపంచ బ్యాంకుకు కన్సల్టెంటుగా కొంతకాలం పనిచేసి, 1996లో రాండాల్ఫ్-మేకన్‌లో చేరారు.

ఈ రెండు చదువులూ ఆయనలో కలిసే ఉన్నాయి. మార్కెట్ ధర్మబద్ధమేనా, వడ్డీ తీసుకోవడం పాపమా, పెట్టుబడిదారీ విధానాన్ని చర్చి ఎలా చూడాలి అన్నవి ఆయన ప్రశ్నలు. దేవుడు, వడ్డీ, పెట్టుబడి గురించి 2011లో ఒక దైవశాస్త్ర పత్రికలో వ్యాసం కూడా రాశారు. క్రైస్తవులు మార్కెట్‌ను అనుమానంగా చూడటం మానాలని, మార్కెట్‌ను నమ్మేవాళ్లు నీతిని వదిలేయకూడదని ఆ వ్యాసంలోని వాదన. కాల్విన్ సంప్రదాయంలో చదువుకుని కాథలిక్ అయిన మనిషి ఆయన. పెట్టుబడిదారీ విధానపు నైతిక పునాదుల మీద కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆ పాఠాలకు ఒక బ్యాంకు ఫౌండేషన్ నిధులిచ్చింది. ఎన్నికయ్యాక విమర్శకులు దీన్ని బాగానే తవ్వారు, అది న్యాయమైన ప్రశ్నే.

రాజకీయాల్లోకి రావాలని 2011లోనే ప్రయత్నించారు. రాష్ట్ర శాసనసభలో ఒక స్థానం ఖాళీ అయింది. ప్రైమరీ లేదు. స్థానిక పార్టీ పెద్దలు కొందరు కూర్చుని, రాష్ట్రంలోని పెద్ద విద్యుత్ కంపెనీ అధిపతి కొడుకును అభ్యర్థిగా తేల్చేశారు. మూడేళ్ల తర్వాత బ్రాట్ ఊరూరా తిరిగి పార్టీ పెద్దలకూ కంపెనీలకూ ఉన్న బంధం గురించి మాట్లాడినప్పుడు, ఆ మాటల్లో పుస్తకాల వాసన కంటే ఈ అనుభవం ఎక్కువ ఉందనిపిస్తుంది.

ఆయన ఏం కోరారు?

వర్జీనియా రిపబ్లికన్ పార్టీకి ‘క్రీడ్’ అనే ఆరు సూత్రాల ప్రకటన ఉంది. స్వేచ్ఛా మార్కెట్, అందరికీ సమాన హక్కులు, సర్కారు ఖర్చులో పొదుపు, రాజ్యాంగం గీసిన గీత దాటని ప్రభుత్వం, బలమైన రక్షణ, దైవభక్తి. బ్రాట్ ప్రచారమంతా ఈ ఆరింటి చుట్టూనే తిరిగింది. క్యాంటర్ వీటిని నోటితో ఒప్పుకుంటూ ఓటుతో వదిలేస్తున్నారన్నది ఆయన అభియోగం. బడ్జెట్ లోటు ఉండకూడదన్నారు. పన్నుల చట్టాన్ని సరళం చేయాలన్నారు. ఒబామా ఆరోగ్య బీమా చట్టాన్ని ఎత్తేయాలన్నారు. వృద్ధులకు పింఛను, వైద్యం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ఇలాగే సాగితే ఖజానా తట్టుకోలేదని, సంస్కరించక తప్పదని పెద్దవయసు ఓటర్ల ముందే చెప్పారు. పన్నెండేళ్లకు మించి కాంగ్రెస్‌లో ఉండనని మాటిచ్చారు.

ఇంతవరకూ సగటు రిపబ్లికన్ అభ్యర్థి చెప్పేదే. ఆయన్ను వేరుచేసినవి మరో రెండు. ఒకటి, పౌరుల ఫోన్ రికార్డులను జాతీయ భద్రతా సంస్థ మూకుమ్మడిగా సేకరించడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. ఆ సంగతి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టి అప్పటికి ఏడాదే అయింది. రెండోది ఇంకా పదునైంది. 2008 సంక్షోభానికి కారకులైన బ్యాంకర్లు జైలుకు వెళ్లకుండా పెద్ద నాయకుల పరిచయాల జాబితాలోకి వెళ్లారని ఆయన సభల్లో అనేవారు. వాల్‌స్ట్రీట్ మీద ఇంత కోపం వామపక్షం నుంచి వస్తుందనుకుంటాం. బ్రాట్ మాత్రం అది సంప్రదాయవాది ధర్మమేనని వాదించారు. మార్కెట్‌ను నమ్మేవాడు కంపెనీల పక్షం కాకూడదు, ఆట నియమాల పక్షం కావాలి. పెద్ద కంపెనీకి ఒక రూలు, చిన్న దుకాణానికి ఒక రూలు ఉంటే అది మార్కెట్ కాదు.

ఆయన విధానాల్లో చాలావాటితో నాకు ఏకీభావం లేదు. కానీ ఈ వాదన మాత్రం నిజాయితీ గలది, గట్టిది. అమెరికా సంప్రదాయవాదం అనగానే తుపాకులు, గర్భస్రావం, చర్చి అని మూడు మాటల్లో తేల్చేసే అలవాటు మన పత్రికల్లో ఉంది. ఆ అలవాటుతో చూస్తే 36 వేల మంది ఆయనకు ఎందుకు ఓటేశారో అర్థం కాదు.

డబ్బు తేడా అందరికీ తెలిసిందే. క్యాంటర్ ఆ దఫా 50 లక్షల డాలర్లకు పైగా సేకరించారు. బ్రాట్ మొత్తం ఖర్చు సుమారు 2 లక్షలు. క్యాంటర్ ప్రచార ఖాతా నుంచి స్టేక్‌హౌస్ రెస్టారెంట్లకు వెళ్లిన బిల్లే లక్షా 68 వేల డాలర్లు దాటింది. బ్రాట్ ప్రచారాన్ని నడిపించిన మేనేజరు వయసు 23. రేడియో వ్యాఖ్యాత లారా ఇంగ్రహమ్ వచ్చి సభ పెట్టారు, మార్క్ లెవిన్ వంటి మరికొందరు తోడయ్యారు. క్యాంటర్ టీవీ ప్రకటనలు బ్రాట్‌ను ‘లిబరల్ ప్రొఫెసర్’ అని తిట్టిపోశాయి. డెమోక్రాట్ గవర్నర్ టిమ్ కెయిన్ కాలంలో ఆర్థికవేత్తల సలహా మండలిలో ఉన్నాడన్నది వాళ్ల ఆధారం. బ్రాట్ పేరు వినని ఇళ్లకు ఆ పేరు చేర్చింది ఆ ప్రకటనలే.

అసలు సూచన మే 10నే వచ్చింది. హెన్రైకో కౌంటీలో జరిగిన పార్టీ నియోజకవర్గ సమావేశంలో, సొంత కార్యకర్తల మధ్య క్యాంటర్‌ను అరిచి గేలి చేశారు. ఆయన మనిషి నియోజకవర్గ పార్టీ అధ్యక్ష పదవి పోగొట్టుకున్నాడు. రాజధానిలో పెద్దవాడైన కొద్దీ క్యాంటర్ ఊరికి దూరమయ్యారన్న మాట కార్యకర్తల నోట పాతుకుపోయింది. నియోజకవర్గం ఆనుకుని ఉన్న రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్ కారులో రెండు గంటల దూరమే.

గ్లెన్ అలెన్‌లో మనవాళ్లు

ఇక మనకు సంబంధించిన సంగతి. హెన్రైకో కౌంటీ పడమటి వైపున గ్లెన్ అలెన్, షార్ట్ పంప్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. దగ్గర్లోనే క్యాపిటల్ వన్ బ్యాంకు భారీ క్యాంపస్ ఉంది. ఐటీ ప్రాజెక్టుల మీద వచ్చినవాళ్లు అక్కడే ఇళ్లు కొనుక్కున్నారు. హిందూ సెంటర్ ఆఫ్ వర్జీనియా ఆలయం గ్లెన్ అలెన్‌లోనే ఉంది. క్యాంటర్, బ్రాట్ ఇద్దరి కాపురాలూ ఆ గ్లెన్ అలెన్‌లోనే. వాళ్లిద్దరి పోటీలో ప్రధాన విషయం వలస విధానం. పొరుగునే ఉన్న ఈ కుటుంబాల్లో హెచ్-1బీ మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. పన్ను మాత్రం అందరితో సమానంగా కడతారు.

2013 జూన్ 27న అమెరికా సెనేట్ 68-32 ఓట్లతో ఒక పెద్ద వలస సంస్కరణ బిల్లును ఆమోదించింది. పత్రాలు లేకుండా ఉంటున్న కోటి పది లక్షల మందికి పదమూడేళ్లలో పౌరసత్వం దాకా వెళ్లే దారి చూపడం అందులో ముఖ్యాంశం. వార్తలన్నీ దాని గురించే. మనవాళ్లు చూడాల్సింది లోపలి పేజీల్లో ఉంది. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితిని ఆ బిల్లు పూర్తిగా తీసేసింది. హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని 65 వేల నుంచి లక్షా 15 వేలకు పెంచి, అవసరమైతే లక్షా 80 వేల దాకా వెళ్లనిచ్చింది. హెచ్-1బీల మీదే ఎక్కువగా ఆధారపడే కంపెనీలపై గట్టి ఆంక్షలు, భారీ రుసుములు కూడా పెట్టింది. అందుకే మన ఐటీ సంస్థలు దానిమీద మండిపడ్డాయి. కంపెనీలకు నష్టం, ఉద్యోగులకు లాభం. తెలుగు ఇళ్ల లెక్కలో ఆ బిల్లు వరమే.

దేశాలవారీ పరిమితి అంటే ఏమిటో అనుభవించేవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు క్లుప్తంగా. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా లక్షా 40 వేలు. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఐస్‌లాండ్‌కూ అంతే, భారతదేశానికీ అంతే. దరఖాస్తుల్లో మనవాళ్ల వాటా ఎంతో ఎక్కువ కనుక వరసలో వంతు తేల్చే ప్రయారిటీ డేట్ ఏళ్లతరబడి కదలదు. అమ్మానాన్నల దరఖాస్తు మీద ఆధారపడ్డ పిల్లలు 21 ఏళ్లు నిండగానే ఆ హక్కు పోగొట్టుకుని, పెరిగిన దేశంలోనే స్టూడెంట్ వీసా వెతుక్కోవాల్సి వస్తుంది. ఏ తప్పూ చేయని పిల్లలకు పడే శిక్ష ఇది. దీన్ని ఏ రాజకీయ తర్కమూ సమర్థించలేదు.

ప్రతినిధుల సభలో ఈ బిల్లు కదల్లేదు. 2014 ఆరంభంలో స్పీకర్ బేనర్ కొంత ఆసక్తి చూపి వెనక్కి తగ్గారు. క్యాంటర్ పూర్తి క్షమాభిక్షను వ్యతిరేకిస్తూనే, చిన్నతనంలో తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకు మాత్రం దారి చూపాలన్నారు. బ్రాట్ దీన్నే పట్టుకున్నారు. పెద్ద వ్యాపార సంఘాలకు చౌక కూలీలు కావాలి, క్యాంటర్ వాళ్లకోసం పనిచేస్తున్నారు, నష్టపోయేది అమెరికా శ్రామికుడని ప్రతి సభలో చెప్పారు.

ఇక్కడే నా అభ్యంతరం. సరుకు, పెట్టుబడి స్వేచ్ఛగా తిరగాలని పాఠం చెప్పే ఆర్థికవేత్త శ్రమ విషయానికి వచ్చేసరికి గేటు వేయమన్నారు. చట్టబద్ధ పాలన ముందు, మార్కెట్ తర్వాత అన్నది ఆయన సమాధానం. పత్రాల్లేకుండా వచ్చినవాళ్ల విషయంలో ఆ మాటకు కొంత అర్థముంది. మరి ప్రతి నియమం పాటించి, ప్రతి ఫీజూ కట్టి, వరసలో నిలబడ్డ ఇంజినీరు సంగతి? ఆట నియమాలు అందరికీ ఒక్కటే కావాలన్న ఆయన సూత్రమే 7 శాతం పరిమితిని ప్రశ్నించాలి. ఆ ప్రశ్న ఆయన ప్రచారంలో వినపడలేదు.

క్యాంటర్ ఓటమికి వలస ఒక్కటే కారణం కాదు. అదే రోజు సౌత్ కరోలినాలో, ఆ బిల్లు రాసినవాళ్లలో ఒకరైన సెనేటర్ లిండ్సే గ్రాహమ్ తన ప్రైమరీని 56 శాతంతో గెలిచారు. కానీ ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లకు గ్రాహమ్ గెలుపు కనపడలేదు, క్యాంటర్ ఓటమే కళ్లముందు ఆడింది. వలస బిల్లు జోలికి వెళితే తమ నియోజకవర్గంలోనూ ఒక బ్రాట్ పుట్టుకొస్తాడన్న భయం. ఆ ఏడాది సభలో ఓటింగ్ ఉండదని బేనర్ తనతో చెప్పారని అధ్యక్షుడు ఒబామా జూన్ 30న ప్రకటించారు. ప్రైమరీ జరిగిన ఇరవయ్యో రోజది. సెనేట్ ఆమోదించిన ఆ బిల్లు అలాగే మురిగిపోయింది. తర్వాత మనవాళ్లకు దక్కింది ఒబామా ప్రభుత్వం సొంతంగా తెచ్చిన కొన్ని నిబంధనలు. 2015 మే నుంచి హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడి హెచ్-4 వీసాపై ఉన్న కొందరు భార్యలకు, భర్తలకు వచ్చిన పని అనుమతి వాటిలో ఒకటి.

గెలిచాక

గెలిచిన మర్నాడు పొద్దున్నే ఒక టీవీ చానల్లో కనీస వేతనం గురించి అడిగితే పీహెచ్‌డీ ఉన్న ఈ ఆర్థికవేత్త తడబడ్డారు, సిద్ధంగా లేనని ఒప్పుకున్నారు. నవంబరు ఎన్నికలో ఆయన ప్రత్యర్థి జాక్ ట్రామెల్ కూడా అదే రాండాల్ఫ్-మేకన్ ప్రొఫెసరే. సుమారు 1,300 మంది విద్యార్థులున్న కాలేజీ నుంచి రెండు పార్టీలకూ అభ్యర్థులు. బ్రాట్ 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. క్యాంటర్ ఆగస్టులోనే సభ్యత్వం వదిలి, సెప్టెంబరులో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరారు. బ్రాట్ చేసిన విమర్శకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

సభలో బ్రాట్ మాట మీదే నిలబడ్డారు. 2015 జనవరిలో తన పార్టీ స్పీకర్ బేనర్‌కే వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీలోని గట్టి సంప్రదాయవాదుల బృందం ఫ్రీడమ్ కాకస్‌లో చేరారు. 2017 మే 4న ఒబామా ఆరోగ్య బీమా చట్టాన్ని ఎత్తేసే బిల్లు 217-213తో సభలో నెగ్గినప్పుడు అనుకూలంగా ఓటేశారు. ఇచ్చిన హామీ ప్రకారమే చేశారు. నియోజకవర్గంలో మాత్రం అది ఎదురుతిరిగింది. ముందునుంచే జబ్బున్నవాళ్లకు బీమా దక్కుతుందా అన్న భయం ఇళ్లలోకి వచ్చింది. బహిరంగ సభ పెట్టి జవాబు చెప్పమని చెస్టర్‌ఫీల్డ్, హెన్రైకో శివార్ల మహిళలు పట్టుబట్టారు. ఆ ఓటుకు ముందే, ఎక్కడికెళ్లినా ఆడవాళ్లు తన మీదికొస్తున్నారని 2017 జనవరిలో ఒక సమావేశంలో బ్రాట్ విసుక్కున్నారు. ఆ మాట వీడియోలో బయటికొచ్చింది. ఆ మహిళలు సంఘాలుగా ఏర్పడి ఇంటింటికీ తిరిగారు.

2018లో వాళ్లు నిలబెట్టుకున్న అభ్యర్థి అబిగైల్ స్పాన్‌బర్గర్. మాజీ సీఐఏ అధికారి, ముగ్గురు పిల్లల తల్లి. కల్‌పెపర్‌లో జరిగిన చర్చలో బ్రాట్ పదేపదే డెమోక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీ పేరెత్తారు. పోటీలో ఉన్నది పెలోసీ కాదు, తానని స్పాన్‌బర్గర్ చివర్లో గుర్తుచేశారు. రెండు శాతం కూడా లేని తేడాతో ఆమె గెలిచారు. 1968 తర్వాత ఆ స్థానం డెమోక్రాట్లకు దక్కడం అదే మొదలు. ఓటరుకు దూరమయ్యారని క్యాంటర్‌ను ఓడించిన మనిషి నాలుగేళ్లకే అదే అభియోగం మీద ఓడిపోయారు. ఆయన సిద్ధాంతం మారలేదు, వినడం ఆగిపోయింది. ఆ తర్వాత లించ్‌బర్గ్‌లోని లిబర్టీ యూనివర్సిటీ బిజినెస్ స్కూలుకు డీన్‌గా వెళ్లి మళ్లీ విద్యారంగంలో స్థిరపడ్డారు.

7 శాతం పరిమితి మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని తొలగించే బిల్లును ప్రతినిధుల సభ 2011లో 389-15తో, 2019లో 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన రూపంలో మరో బిల్లును నెగ్గించింది. రెండింటినీ కలిపే లోపే ఆ కాంగ్రెస్ కాలం అయిపోయింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. వలస గురించి బ్రాట్ 2014లో ఒక నియోజకవర్గంలో అన్న మాటలు ఇప్పుడు వైట్‌హౌస్ విధానమయ్యాయి.

అదే 2025లో స్పాన్‌బర్గర్ వర్జీనియా గవర్నరుగా గెలిచారు. ఆమెతోపాటు లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ 1964లో హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. రిచ్‌మండ్ ప్రాంతంలో ఏళ్లపాటు ఇంగ్లిష్ సాహిత్యం బోధించారు. 2019లో చెస్టర్‌ఫీల్డ్, రిచ్‌మండ్ ఓటర్లే ఆమెను మొదటిసారి రాష్ట్ర సెనేట్‌కు పంపారు. నవంబరు గెలుపు కంటే ఆమెకు కష్టమైంది జూన్ ప్రైమరీ. రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీ మీద ఆమె నెగ్గింది ఒక శాతం కంటే తక్కువ తేడాతో. హెన్రైకోలో పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు, అక్కడే పుట్టి పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్ల పిల్లలు ఇప్పుడు అలాంటి ప్రైమరీల్లో ఓటేయగలరు. క్యూలో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడగలిగిన ఓట్లు అవే.